సిగరెట్ ఇంగ్లీషు: మా క్లాసులో వినిపించే అపోహలు, అసలు సంగతులు

బెంగళూరు మారతహళ్ళిలో శని, ఆదివారాలు స్పోకెన్ ఇంగ్లీష్ చెప్తుంటాను. వచ్చేవాళ్ళలో ఎక్కువమంది మన తెలుగు పిల్లలే, పీజీల్లో ఉంటూ ఉద్యోగాలు వెతుక్కుంటున్నవాళ్ళు. బ్రేక్ ఇవ్వడం ఆలస్యం, కింద బేకరీ ముందు ఒక చేతిలో టీ, ఇంకో చేతిలో సిగరెట్. కాబట్టి ఈ మాటలు క్లాసులోనూ దొర్లుతుంటాయి, తప్పులతో సహా.

అపోహ: తెలుగు వాక్యాన్ని మాటకు మాట మార్చేస్తే ఇంగ్లీషు వచ్చేస్తుంది.

మనం సిగరెట్ తాగుతాం, ఇంగ్లీషులో 'డ్రింక్' చెయ్యరు, 'స్మోక్' చేస్తారు. ఆ మాత్రం అందరికీ తెలుసులెండి. చిక్కంతా "మానేశాను" దగ్గరే. మొన్న మాక్ ఇంటర్వ్యూలో ఒక కుర్రాడు పోలో చప్పరిస్తూ "ఐ స్టాప్డ్ టు స్మోక్" అన్నాడు. మానేశానని చెప్పాలనుకున్నాడు పాపం, కానీ దానర్థం దమ్ము కొట్టడానికి ఆగానని. నిజంగా మానేస్తే "ఐ స్టాప్డ్ స్మోకింగ్" అనాలి. చొక్కా జేబులో ఉబ్బెత్తుగా కనిపిస్తున్న పెట్టెను చూస్తే మాత్రం వాడి గ్రామరే కరెక్టనిపించింది.

"ఐ లెఫ్ట్ సిగరెట్స్" అన్నా అంతే, పెట్టె ఎక్కడో మర్చిపోయి వచ్చినట్టుంటుంది. "ఐ యూజ్డ్ టు స్మోక్" అంటే ఒకప్పుడు తాగేవాణ్ణి, ఇప్పుడు లేదు. మధ్యలో 'యామ్' దూర్చి "ఐ యామ్ యూజ్డ్ టు స్మోకింగ్" అన్నారంటే అలవాటు పడిపోయానని అర్థం, ఇన్సూరెన్స్ వాళ్ళ ఫోన్‌లో ఇదేం చిన్న తేడా కాదు.

అపోహ: 'కోల్డ్ టర్కీ' ఏదో తినేది.

ఒక్కసారిగా మానెయ్యడాన్ని అలా అంటారు. రోజుకు పది నుంచి నాలుగుకు దిగితే అది 'కట్ డౌన్', 'క్విట్' కాదు. మానేశాక ఎప్పుడో ఒకటి ముట్టిస్తే 'స్లిప్', మళ్ళీ పాత లెక్కకు వచ్చేస్తే 'రిలాప్స్'.

అపోహ: 'పాసివ్ స్మోకర్' అంటే తక్కువ తాగేవాడు.

కాదు, మీ పొగ పీల్చే మీ రూమ్‌మేట్. పార్టీల్లో మాత్రమే తాగేవాణ్ణి 'సోషల్ స్మోకర్' అంటారు. నాకైతే ఆ మాట నచ్చదు, ఏదో సంఘసేవ చేస్తున్నట్టుంటుంది.

అపోహ: 'లైట్స్', 'మైల్డ్స్' అంటే హాని తక్కువ.

చాలావాటికి ఫిల్టర్ చుట్టూ కంటికి ఆనని చిల్లులుంటాయి. వాటిలోంచి గాలి కలుస్తుంది కాబట్టి మెషీన్ పరీక్షలో తారు తక్కువ చూపిస్తుంది, మనిషేమో వేళ్ళతో ఆ చిల్లులు మూసేసి ఇంకా గట్టిగా లాగుతాడు. 2010 నుంచి అమెరికాలో పెట్టెల మీద 'లైట్', 'మైల్డ్' లాంటి మాటలు వెయ్యకూడదు.

అమెరికా అంటే గుర్తొచ్చింది. బ్రిటన్‌లో సిగరెట్‌ను 'ఫ్యాగ్' అంటారు. అమెరికాలో అది గే మగవాళ్ళను తిట్టే బూతు. క్లయింట్ కాల్‌లో పొరపాటున కూడా అనకండి.

అపోహ: మానడానికి సాయం అడగాలన్నా ఇంగ్లీషు రావాలి.

పెట్టె మీద 'క్విట్ టుడే' అని 1800-11-2356 నంబరుంటుంది, చూసే ఉంటారు. ఆ పోలో కుర్రాడే తర్వాతి వారం నా దగ్గరికొచ్చి, "సార్, ఆ నంబరుకు ఫోన్ చేస్తే ఏం మాట్లాడాలో నాలుగు వాక్యాలు రాసివ్వండి" అని నోట్‌బుక్ చాపాడు. ఇక్కడి నిమ్హాన్స్ ఆసుపత్రి నుంచి తెలుగులోనూ మాట్లాడతార్రా అన్నాను. "ముందే చెప్పొచ్చుగా సార్" అంటూ నోట్‌బుక్ మూసేశాడు.