పాత పికప్‌కు విడిభాగాలు: క్లచ్ నుంచి యాక్సిల్ దాకా అపోహలు – వాస్తవాలు

క్లచ్ నుంచి వెనక యాక్సిల్ దాకా పాత పికప్‌లకు మరమ్మతులు చేయడమే నా వృత్తి. భాగం అరిగిపోయి వచ్చే బళ్లు కొన్నయితే, పొరపాటు భాగం కొని తెచ్చుకోవడం వల్ల పని మధ్యలో ఆగిపోయినవి ఇంకొన్ని. ఈ రెండో రకం నష్టం ఎవరికీ జరగక్కర్లేదు.

అపోహ: మోడల్, సంవత్సరం చెబితే సరైన భాగం దొరుకుతుంది

కొత్త బండికి చాలావరకు దొరుకుతుంది. పాతదానికి ఆ భరోసా లేదు. ఒకే ఏడాది, ఒకే మోడల్‌లో కూడా ఇంజన్‌ను బట్టి, మోసే బరువును బట్టి వేర్వేరు యాక్సిళ్లు వేసేవారు. ఏడాది మధ్యలో మార్పులూ జరిగేవి. పైగా ఇన్నేళ్లలో చేతులు మారిన బండికి ఎవరో ఒకరు యాక్సిలో, గేర్‌బాక్సో మొత్తంగా మార్చి ఉండవచ్చు. ఛాసిస్ నంబరు బండి ఫ్యాక్టరీ నుంచి ఎలా బయటికి వచ్చిందో చెబుతుంది గానీ, ఇప్పుడు దాని కింద ఏముందో చెప్పదు. అందుకే కిందికి దూరి చూడాలి, కొలవాలి, ఆ తర్వాతే కొనాలి.

అపోహ: చూడటానికి ఒకేలా ఉంటే సరిపోతుంది

యూనివర్సల్ జాయింట్ క్రాస్ (ఇంజన్ శక్తిని వెనక యాక్సిల్‌కు చేర్చే షాఫ్టు చివర ఉండే ప్లస్ ఆకారపు ముక్క) దగ్గర ఈ నమ్మకం బాగా దెబ్బతీస్తుంది. స్పైసర్ అనే తయారీదారు సైజుల్లో 1310, 1330, 1350 పికప్‌లలో తరచుగా కనిపిస్తాయి. మొదటి రెండిటికీ క్రాస్ చేతుల చివర తొడిగే బేరింగు కప్పు వ్యాసం ఒకటే, సుమారు 27 మిల్లీమీటర్లు. తేడా అంతా వెడల్పులో ఉంటుంది: 1310కి దాదాపు 82, 1330కి 92. ఇక 1350 తీసుకుంటే వెడల్పు మళ్లీ 92, కప్పు మాత్రం 30. ఒక్క కొలతే తీసినవారు తప్పు సైజు తెచ్చుకోవడానికి కారణం ఇదే. తుప్పు గీకి, వెర్నియర్‌తో రెండు కొలతలూ తీయండి. సర్‌క్లిప్ (కప్పు జారకుండా ఆపే రింగు) కప్పుకు బయటివైపు ఉందా, లోపలివైపు ఉందా అన్నదీ రాసుకోండి.

పాత కప్పు ఊడదీయగానే గ్రీజుకు బదులు ఎర్రటి పొడి రాలితే, క్రాస్ చేతుల మీద సూది బేరింగుల గాట్లు వరుసగా కనిపిస్తాయి. అలాంటి జాయింటుకు ఎంత గ్రీజు కొట్టినా ప్రయోజనం లేదు. ఇంకొకటి, షాఫ్టు విప్పేముందే జారే జాయింటుకు (షాఫ్టు పొడవు సర్దుకునేలా ముందుకూ వెనక్కూ జారే భాగం) రెండు వైపులా పెయింటు గీత పెట్టండి. షాఫ్టు రెండు చివర్ల యోకులు (క్రాస్‌ను పట్టుకునే రెండు చేతుల భాగాలు) ఒకే వరుసలో కూర్చోకపోతే కొత్త జాయింట్లు వేసినా బండి వణుకుతుంది.

అపోహ: క్రౌన్ వీల్ పోతే అదొక్కటే మార్చవచ్చు

యాక్సిల్ మధ్యనుండే డిఫరెన్షియల్‌లో పెద్ద గేరు క్రౌన్, దాన్ని తిప్పే చిన్న గేరు పినియన్. ఈ రెండిటినీ ఫ్యాక్టరీలో జతగా కలిపి నూరతారు. అందుకే రెండిటి మీదా ఒకే జత నంబరు చెక్కి ఉంటుంది. ఒకటి పాతది, ఒకటి కొత్తది వేస్తే మోత మొదలవుతుంది, పళ్లు త్వరగా పాడవుతాయి. జతను ఎంచుకునే ముందు కవరు విప్పి పళ్లు లెక్కపెట్టండి. 41 పళ్ల క్రౌన్, 11 పళ్ల పినియన్ అయితే నిష్పత్తి 3.73. అదే 41కి 10 అయితే 4.10. ఫోర్‌వీల్ డ్రైవ్ బండిలో వెనక ఒక నిష్పత్తి, ముందు మరొకటి పెట్టడం నేరమనే అంటాను. గట్టి రోడ్డు మీద ఫోర్‌వీల్ వేయగానే రెండు యాక్సిళ్లూ ఒకదానితో ఒకటి పెనుగులాడతాయి, ట్రాన్స్‌ఫర్ కేసు (ముందు, వెనక యాక్సిళ్లకు శక్తి పంచే పెట్టె) బలవుతుంది.

క్రష్ స్లీవ్ ఉన్న డిఫరెన్షియల్ అయితే కొత్త స్లీవ్ కూడా కొనండి. బిగించేటప్పుడు నలిగి బేరింగుల బిగువును నిలిపేది అదే. ఒకసారి నలిగింది మళ్లీ పనికిరాదు.

అపోహ: జీఎల్-5 గేరు ఆయిల్ జీఎల్-4 కంటే ఎక్కువ రకం కాబట్టి అన్నిచోట్లా పోయవచ్చు

హైపాయిడ్ (పినియన్ క్రౌన్ మధ్యరేఖ నుంచి పక్కకు జరిగి ఉండే) డిఫరెన్షియల్‌కు అది కావాల్సిందే. జీఎల్-4 అడిగే పాత గేర్‌బాక్సులో పోస్తే మాత్రం దానిలోని గంధకపు రసాయనాలు ఇత్తడి సింక్రో రింగులకు (గేరు మార్చేటప్పుడు గేర్ల వేగాలు కలిపేవి) హాని చేయవచ్చు. గేర్లు పడటమూ కష్టమవుతుంది.

అపోహ: బండి కంపెనీ డబ్బాలో వచ్చిందే నాణ్యమైనది

చాలా బేరింగుల మీద చెక్కిన నంబరే అసలు గుర్తు. 6205 అని ఉంటే, ఏ తయారీదారుదైనా లోపలి వ్యాసం 25, బయటిది 52, మందం 15 మిల్లీమీటర్లు. పేరున్న బేరింగు తయారీదారు నుంచి అదే నంబరు, అదే చివరి అక్షరాలతో కొంటే చాలు. సెకండ్‌హ్యాండ్ హౌసింగు, యాక్సిల్ షాఫ్టు పరీక్షించి తీసుకోవచ్చు. వాడిన క్లచ్ ప్లేటు, రిలీజ్ బేరింగు, ఆయిల్ సీలు ఎంత చవకగా వచ్చినా వద్దు.

సీలు కొనేటప్పుడు షాఫ్టు మీద అది కూర్చునే చోట గోరు పెట్టి చూడండి. గోరుకు తగిలేంత గాడి పడి ఉంటే కొత్త సీలు కూడా కారుతుంది. సీలుతో పాటు అక్కడ తొడిగే పలుచని మరమ్మతు స్లీవ్ కూడా అడగండి.