ఫారిన్‌లో చదివి ఇంటికొచ్చిన పిల్లలు: అపోహలు, వాస్తవాలు

"మేడం, సొంతింటికే కదా వచ్చిండు, అలవాటు పడేదేముంది? నాలుగు రోజులు పోతే అదే సర్దుకుంటదనుకున్నం." నల్లగొండలో కౌన్సెలింగ్ చేస్తుంటాను కాబట్టి, ఫారిన్ నుంచి వచ్చేసిన పిల్లల తల్లిదండ్రుల నోట ఈ మాట వినని నెల ఉండదు. వాళ్లు వచ్చేసరికి నాలుగు రోజులు కాదు, నెలలు గడిచిపోయి ఉంటాయి. ఈలోపు ఇంట్లో మాటలు తగ్గిపోయి, పిల్లాడు తలుపేసుకుని, తల్లి బీపీ మాత్రలు మొదలుపెట్టి ఉంటుంది. అందుకే అపోహల్లో ఈ మొదటిదాని గురించే ఎక్కువ రాస్తున్నాను.

అపోహ: సొంతూరికి రావడానికి సర్దుబాటు ఎందుకు?

వాస్తవం: పోయినప్పటికంటే తిరిగొచ్చాకే ఎక్కువ ఇబ్బంది పడ్డామని చెప్పేవాళ్లు నాకు చాలామంది తగిలారు. ఇది ఈ కాలం పిల్లల సుకుమారం కాదు. 1955లో లిస్‌గార్డ్ అనే నార్వే పరిశోధకుడు, అమెరికా వెళ్లొచ్చిన నార్వే స్కాలర్లను అడిగి చూసి, కొత్త దేశంలో మొదట హుషారు, తర్వాత దిగులు, ఆ తర్వాత కుదురుకోవడం ఉంటుందని రాశాడు. ఇంటికొచ్చాక కూడా అదంతా ఇంకోసారి జరుగుతుందని 1963లో గల్లహార్న్ అనే పరిశోధక దంపతులు దానికి చేర్చారు. అందరికీ ఇదే వరుసలో జరగదని తర్వాతి పరిశోధనలు చెప్పాయి, అది కూడా నిజమే. కానీ ఇంటికొచ్చాక దిగులు ఉంటుందన్నది మాత్రం అరవై ఏళ్ల కిందటి నుంచి తెలిసిన సంగతి.

కారణం పెద్ద రహస్యమేం కాదు. డల్లాస్‌లో దిగేవాడు కష్టపడాలని తెలిసే దిగుతాడు, తెలియక తప్పు చేసినా కొత్తవాడులే అని అక్కడివాళ్లు ఊరుకుంటారు. శంషాబాద్‌లో దిగేటప్పుడు అతనికి ఆ తయారీ ఉండదు, మనకూ ఉండదు. ఒంటరిగా కాసేపు కూర్చుంటానంటే "పొగరెక్కింది" అనేస్తాం.

తిప్పర్తి వైపు బత్తాయి తోట ఉన్న ఒక కుటుంబం గురించి చెప్తాను, గుర్తుపట్టకుండా వివరాలు మార్చాను. అబ్బాయి ఎంఎస్ చేసి, కొన్నాళ్లు ఉద్యోగం చేసి వచ్చేశాడు. వచ్చిన మొదటి రోజు అన్నం తిని, తన కంచం తానే తీసుకెళ్లి కడిగి బోర్లించాడు. అక్కడ రోజూ చేసే పనే కదా. తల్లి మాత్రం ఆ రాత్రంతా ఏడ్చింది, "నా చేత కంచం కూడా తీయనియ్యలే, మేం పరాయోళ్లమైనమా" అని. ఆ మాట అతనితో అనలేదు, నాతో అంది. అతనేమో, అమ్మ ఎందుకు ముభావంగా ఉంటోందో అర్థంకాక, తనకు ఉద్యోగం లేదనే అలా ఉంటోందనుకున్నాడు.

దానికి తోడు చుట్టాలందరికీ "సెలవు మీద వచ్చిండు" అని చెప్పారు. ఇక ఆ అబద్ధాన్ని మోసే పని అతనిదైంది. కిరాణా కొట్టుకి పోతే "మళ్ళ ఎప్పుడు పోతవ్?", పెళ్లికి పోతే అదే, కటింగ్ షాపులో అదే. అడిగేవాళ్లలో చెడు ఉద్దేశం లేదు, పలకరింపుగా అడుగుతారు. కానీ రోజుకు అన్నిసార్లు అబద్ధం చెప్పలేక అతను పగటిపూట బయటికి రావడమే మానేశాడు. రాత్రంతా అమెరికాలోని రూమ్మేట్లతో ఫోను, పగలంతా నిద్ర. నిద్ర తిరగబడితే మనసు కూడా దెబ్బతింటుంది, అది చూసి "సోమరి అయిండు" అన్నారు.

మేం చేసింది చిన్నదే. తల్లిదండ్రులు చుట్టాలకు ఒకటే వాక్యం చెప్పారు: "వచ్చేసిండు, ఇక్కడే ఉద్యోగం చూసుకుంటుండు." అతను రోజూ ఒకే టైముకి లేచి, పొద్దున్నే తండ్రితో తోటలోకి, ఎండ తగిలేలా వెళ్లడం మొదలుపెట్టాడు. ఫోన్లు మానమనలేదు, సాయంత్రానికి మార్చుకోమన్నాం. ఆ స్నేహాలే లేకపోతే ఇంకా కుంగిపోయేవాడు.

మా తమ్ముడు మెల్‌బోర్న్ నుంచి వచ్చినప్పుడు కూడా చూశాను. జీతమెంత, ఇల్లు కొన్నావా, పీఆర్ (అక్కడే స్థిరంగా ఉండే అనుమతి) వచ్చిందా అని అందరూ అడిగారు. అక్కడ ఆదివారం ఏం చేసేవాడివి, వంట వంతు ఎవరిది అని ఒక్కరూ అడగలేదు. వాడు చెప్పబోతే రెండు నిమిషాలకే టీవీ వైపు తిరిగేవాళ్లు. ఈ పిల్లలు కొన్నేళ్ల బతుకు అక్కడ వదిలేసి వచ్చారు, దాని మీద బెంగ ఉంటుంది. మా నాయిన ఒకరోజు వాడితో అక్కడి ఫొటోలన్నీ పెట్టించుకుని చూశాడు, ఆ రోజు వాడు మాట్లాడినంత మళ్లీ ఎప్పుడూ మాట్లాడలేదు. దయచేసి అడగండి.

ఆడపిల్లల సంగతి ఇంకోరకం. మహబూబ్‌నగర్ నుంచి లండన్ పోయి, పార్ట్‌టైం చేసుకుంటూ అర్ధరాత్రి బస్సులో రూముకి చేరిన అమ్మాయిని, ఇప్పుడు సాయంత్రం ఏడింటికల్లా "ఎక్కడున్నవ్?" అని మూడుసార్లు ఫోన్ చేసి అడుగుతారు. భయంతోనే అడుగుతారని ఆమెకు తెలుసు. అయినా ఊపిరాడదు.

అపోహ: ఏదో తప్పు చేసి ఉంటాడు, అందుకే పంపించేశారు.

ఊహాగానాలు ఆపండి. అమెరికాలో చదువయ్యాక ఓపీటీ, అంటే స్టూడెంట్ వీసా మీదే పని చేసుకునే అనుమతి, 12 నెలలు; స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజనీరింగ్, లెక్కలు) కోర్సులైతే ఇంకో 24 నెలలు. ఆలోపు హెచ్-1బి అనే ఉద్యోగ వీసా లాటరీలో పేరు రావాలి. ఏటా 65 వేల వీసాలు, అక్కడ మాస్టర్స్ చేసినవాళ్లకు అదనంగా 20 వేలు, అంతే. లాటరీ తగలకపోవడం తప్పు ఎలా అవుతుంది?

అపోహ: పెళ్లి చేస్తే దారిలో పడతాడు.

పడడు. నిద్రపట్టక, తనెవరో తనకే తెలియని స్థితిలో ఉన్నవాడికి ఇంకో ఆడపిల్ల జీవితాన్ని అప్పగించకండి. కనీసం ఆరు నెలలు పెళ్లి, పొలం అమ్మకం లాంటి పెద్ద నిర్ణయాలు పక్కన పెట్టండి.

అపోహ: ఉద్యోగం వచ్చేదాకా బ్యాంకు ఆగుతుంది.

ఆగదు. చాలా ఎడ్యుకేషన్ లోన్లలో కోర్సు కాలం, దాని మీద ఒక ఏడాది వరకే గడువు, తర్వాత ఈఎంఐ మొదలవుతుంది. 90 రోజులు దాటి బాకీ పడితే ఎన్‌పీఏ (మొండి బాకీ) అవుతుంది, కో-బారోయర్‌గా, అంటే అప్పులో భాగస్తుడిగా, సంతకం పెట్టిన తండ్రి సిబిల్ స్కోరు (అప్పు కట్టే తీరుకు వేసే మార్కు) కూడా పడిపోతుంది. పొలం తనఖా ఉంటే ఇంట్లో ఎంత టెన్షన్ ఉంటుందో నాకు తెలుసు. కట్టలేమనిపిస్తే వాయిదా తప్పకముందే బ్రాంచి మేనేజర్ని కలిసి కాలపరిమితి పెంచమని రాతపూర్వకంగా అడగండి. తప్పాక వెళ్తే మాట్లాడటం కష్టం.

అపోహ: కౌన్సెలింగ్ అంటే పిచ్చోళ్లకు.

దీని మీద వాదించే ఓపిక నాకు లేదు. గుర్తులు మాత్రం చెప్తాను. ఇలాంటి సర్దుబాటు ఇబ్బంది మామూలుగా కొన్ని నెలల్లో తగ్గుముఖం పడుతుంది. రెండు వారాలకు పైగా రోజులో ఎక్కువసేపు దిగులు, తిండి మీద ఆశ లేకపోవడం, ఇష్టమైన పని మీద కూడా మనసు పోకపోవడం ఉంటే జిల్లా ప్రభుత్వాసుపత్రిలో సైకియాట్రిస్టుకు చూపించండి. "నేను లేకపోతేనే మీకు మంచిది" లాంటి మాట ఒక్కసారి విన్నా రెండు వారాలు ఆగొద్దు, అదే రోజు తీసుకెళ్లండి, ఒంటరిగా వదలొద్దు. మానసిక ఇబ్బందులకు ప్రభుత్వం నడిపే ఫోన్ సాయం టెలి మానస్ నంబరు 14416, ఉచితం, రాత్రి రెండింటికైనా ఎత్తుతారు, తెలుగులో మాట్లాడతారు. పిల్లాడు చేయనంటే తల్లిదండ్రులే చేయొచ్చు.