నైట్ హాల్టు ఓడలు

మా మేనల్లుడు తొమ్మిదో తరగతి. చరిత్ర పుస్తకం పక్కన పెట్టి అడిగాడు: "మావయ్యా, మార్కో పోలో చైనా నుంచి ఇంటికెళ్తూ సుమత్రాలో ఐదు నెలలు కూర్చున్నాడట. అక్కడేం పని?"

పనేం లేదు. గాలి కోసం కూర్చున్నాడు.

నా చిన్నప్పుడు మా ఊరికి పొద్దుగూకాక ఒక బస్సు వచ్చేది. నైట్ హాల్టు. డ్రైవరూ కండక్టరూ ఊళ్ళోనే పడుకుని తెల్లారి మొదటి ట్రిప్పు తీసేవాళ్ళు. ఎవరింట్లో మజ్జిగ చిక్కగా ఉంటుందో, ఎవరికీ ఎవరికీ మాటల్లేవో అన్నీ వాళ్ళకి తెలుసు. ఆ కండక్టరు చివరికి మా వీధికే అల్లుడయ్యాడు. అదే బస్సు ఐదు నిమిషాలు ఆగి వెళ్ళిపోయేదయితే ఆ పెళ్ళి జరిగేదే కాదు. మధ్యయుగాల్లో మన సముద్రాల మీద తిరిగిన ఓడలన్నీ నైట్ హాల్టు బస్సులే. కాకపోతే ఆ రాత్రి నెలల తరబడి సాగేది.

నేల త్వరగా వేడెక్కుతుంది, నీరు నెమ్మదిగా. ఇది బడిలో చెప్తారు, వదిలేద్దాం. బడిలో తొందరగా దాటేసే ముక్క ఒకటుంది, నాకు అదే ఇష్టం. వేసవిలో ఉత్తర భారతం మీద ఏర్పడే అల్పపీడనం ఎక్కడో దక్షిణార్ధగోళంలో వీచే ఆగ్నేయపు గాలిని లాగుతుంది. భూభ్రమణం వల్ల కదిలే గాలి దక్షిణాన ఎడమకి, ఉత్తరాన కుడికి ఒరుగుతుంది. కాబట్టి ఆగ్నేయం నుంచి బయల్దేరిన గాలే భూమధ్యరేఖ దాటేసరికి వంపు తిరిగి నైరుతి గాలి అవుతుంది. తూర్పు ఆఫ్రికా కొండలు దాన్ని ఒక పక్క నుంచి గోడలా నొక్కుతాయి. సోమాలియా దగ్గర కిలోమీటరున్నర ఎత్తున అదొక ప్రవాహమై దూకుతుంది. జూన్, జూలైల్లో ఆ ఉధృతికి మలబారు రేవులు మూతపడేవి. అరేబియా దక్షిణపు కొసన ఉన్న ఏడెన్ రేవు ఓడలు ఆ గాలి నెమ్మదించే ఆగస్టు చివర్లో బయల్దేరి సెప్టెంబరులో ఇటు చేరేవి. తిరుగు ప్రయాణం చలికాలపు ఈశాన్య గాలి మీద. బస్సు తప్పితే మళ్ళీ ఏడాదికే. 'మాన్సూన్' అన్న మాట అరబ్బీ 'మౌసిమ్' నుంచి వచ్చింది, అంటే రుతువు. మన 'రుతుపవనం'లోనూ ఉన్నది అదే.

అరేబియా నుంచి చైనా దాకా ఒక్క గాలితో పోలేరు. కేరళలో ఒక హాల్టు, సుమత్రా పక్కనున్న మలక్కా జలసంధి దగ్గర ఇంకొకటి. 671లో భారతదేశానికి బయల్దేరిన చైనా బౌద్ధ భిక్షువు ఇత్సింగ్ సుమత్రాలోని శ్రీవిజయలో ఆరు నెలలు ఆగి, ఖాళీగా ఉండలేక సంస్కృత వ్యాకరణం చదువుకున్నాడు. 1340ల్లో కాలికట్ రేవులో 13 చైనా ఓడలు ఆగి ఉండడం మొరాకో యాత్రికుడు ఇబన్ బతూతా చూశాడు. తనూ చైనా వెళ్ళే రుతువు కోసం అక్కడే మూడు నెలలు ఉన్నాడు. అన్ని నెలలు ఆగితే వంట చేసేవాళ్ళు కావాలి, సరుకు దాచే కొట్లు కావాలి, గుళ్ళూ మసీదులూ కావాలి. చైనాలోని క్వాన్‌జౌలో 1281 నాటి శివాలయపు తమిళ శాసనం దొరికింది ఇందుకే. మలబారులో మాప్పిళ్ళ ముస్లింల పుట్టుకలోనూ అరబ్బు వర్తకుల మజిలీలకు పాలుంది. ట్యునీసియా నుంచి వచ్చిన యూదు వర్తకుడు అబ్రహాం బెన్ యిజూ మంగళూరులో 1132లో ఆషు అనే బానిసను విడిపించి, ఆమెతో సంసారం చేసి, పదిహేడేళ్ళు ఉండిపోయాడు. పదిహేడేళ్ళకి గాలి మీద నెపం వెయ్యలేం లెండి.

సముద్రం దాటితే పతితుడవుతాడని బౌధాయన ధర్మసూత్రం రాసింది. రేవులోని శెట్లకు ఆ సూత్రం ఎవరూ చదివి వినిపించినట్టు లేరు.

మన వైపు గాలి మారే అక్టోబరు, నవంబరు నెలలే తుపానుల కాలం. ఇది కాకతాళీయం కాదు. నిండు వర్షాకాలంలో బంగాళాఖాతం మీద కింద పడమటి గాలి, 14 కిలోమీటర్ల ఎత్తున తూర్పు గాలి. ఈ ఎదురుబొదురు లాగుడుకి పుట్టే సుడి నిలువునా చీలిపోతుంది. గాలులు మారేటప్పుడు ఆ లాగుడు తగ్గుతుంది, సముద్రం ఇంకా వెచ్చగానే ఉంటుంది, సుడి కుదురుకుంటుంది. అంటే ఓడలు కదిలే వేళకే ప్రమాదం.

బాపట్ల జిల్లా మోటుపల్లిలో కాకతీయ రాజు గణపతిదేవుడు 1244లో వేయించిన అభయ శాసనం ఈ వాతావరణంలోంచే చదవాలి. తుపానుకు పగిలి ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల్లోని బంగారం, ఏనుగులు, గుర్రాలు, రత్నాలు మునుపటి రాజులు బలవంతంగా లాక్కునేవారట. ప్రాణం కన్నా ధనమే ఎక్కువనుకుని సముద్రానికి తెగించి వచ్చినవాళ్ళ మీద దయతో, నియమిత సుంకం తప్ప అంతా వాళ్ళకే వదిలేస్తున్నానని అంటాడు గణపతిదేవుడు. సుంకం ముప్పైకి ఒకటి. ఆ తర్వాత సరుకుల జాబితా: చందనం, పన్నీరు, దంతం, ముత్యాలు, చీనా కర్పూరం.

చీనా కర్పూరం అనగానే మేనల్లుడు అట్లాసు తెచ్చాడు. క్వాన్‌జౌ నుంచి పెన్సిలుతో గీత లాగుతూ దక్షిణానికి దిగాడు. మలక్కా దగ్గర చెయ్యి ఆపి, "ఇక్కడ హాల్టా?" అన్నాడు.

హాల్టే.