చిగుళ్లకి ఎండెలా తగిలింది?

పెదవాల్తేరు, విశాఖపట్నం

బుజ్జీ, చిన్నూ,

మొన్న ఫోన్లో "తాతయ్యా, స్కాన్ తీస్తే జబ్బు పేరు దాని మీద రాసుంటుందా?" అని అడిగారు కదా, రాసుండదురా.

నాకు జబ్బు చేసిన ఏడాది రోజూ ఆర్కే బీచ్‌లో నడిచేవాణ్ని. ఒళ్లు నల్లబడితే ఎండన్నారు, బరువు తగ్గితే నడక మహిమన్నారు. మీ నానమ్మ మాత్రం నేను ఆవకాయన్నంలో కూడా ఉప్పు చల్లుకోవడం చూసి కంగారుపడింది. చివరికి ఒక డాక్టరుగారు నోట్లోకి టార్చి వేసి, నల్లబడ్డ చిగుళ్లు చూసి, "వీటికి ఎండెలా తగిలిందండీ?" అన్నారు.

కిడ్నీల నెత్తిన టోపీల్లా రెండు అడ్రినల్ గ్రంథులుంటాయి, ఒక్కోటీ నాలుగైదు గ్రాములు, అంతే. ఒంట్లో ఉప్పునీ బీపీనీ నిలబెట్టేది వాటి హార్మోన్లే. నావి చతికిలబడ్డాయని తేల్చింది రక్తపరీక్ష, పొద్దున్న 8 గంటలకి ఆ హార్మోన్లలో ఒకటైన కార్టిసాల్ ఎంతుందో చూసేది. గ్రంథి పనిచేస్తోందో లేదో బొమ్మలో కనబడదు. మరి సీటీ స్కాన్ దేనికంటే, పాడుచేసిందెవరో తెలియాలిగా! మన రక్షణ వ్యవస్థే పొరపాటున దాడి చేస్తే గ్రంథులు ముడుచుకుపోతాయి. టీబీ అయితే మొదట్లో సాధారణంగా రెండూ ఉబ్బుతాయి, నరంలోకి మందెక్కించి తీస్తే అంచు తెల్లగా మెరిసి నడుమ కుళ్లిన చోటు నల్లగా ఉండిపోతుంది. నావి అచ్చం అలాగే ఉన్నాయి. కానీ హిస్టోప్లాస్మా అనే ఫంగస్ కూడా ఇదే వేషం వేస్తుందట, అందుకని నన్ను బోర్లా పడుకోబెట్టి, స్కాన్‌లో చూసుకుంటూ వీపులోంచి సూది దింపి ముక్క తీశారు. ఊపిరి బిగపట్టమంటే నాకు అప్పుడే దగ్గు! టీబీయే అని తేలింది.

థామస్ ఆడిసన్ అనే ఇంగ్లండు డాక్టరు ఈ జబ్బు గురించి (ఇప్పుడు దీన్ని ఆయన పేరుతోనే ఆడిసన్ జబ్బంటారు) రాసిన 1855లో ఎక్స్‌రే కూడా లేదు, మనిషి పోయాక కోసి చూస్తేనే గ్రంథులు కనబడేవి. నేను నయం.

ఇంకో తిరకాసు. టీబీకిచ్చే రిఫాంపిసిన్ వల్ల లివరు కార్టిసాల్‌ని తొందరగా ఖర్చుచేసేస్తుంది, అందుకే ఆ నెలల్లో కార్టిసాల్‌కి బదులు నేను వేసుకునే హైడ్రోకార్టిసోన్ మాత్ర మోతాదు పెంచారు. టీబీ తగ్గింది గానీ గ్రంథులు కోలుకోలేదు, ఆ మాత్ర రోజూ ఉండాల్సిందే.

దసరాకి రండి, బీరువాలోంచి అప్పటి ఫిల్మూ ఈమధ్యదీ తీసి కిటికీకి ఆనించి చూపిస్తా. కొత్తదాంట్లో గ్రంథులు కుంచించుకుపోయి సున్నపు చుక్కలు మిగిలాయి. అవెక్కడున్నాయో మీరే వెతకాలి, వెన్నెముకకి అటూ ఇటూ చూడండి.

మీ తాతయ్య