ఇంకు ఆగే కాగితం

రెండు నోటు పుస్తకాలు పక్కపక్కన పెట్టండి. ధర దాదాపు ఒకటే, అట్ట మీద రెండింటికీ 70 జీఎస్ఎం అనే బరువు లెక్కే ఉంది, తెలుపులోనూ తేడా కనిపించదు. ఇంకు పెన్నుతో రాస్తే మాత్రం ఒకదాంట్లో అక్షరం గీసింది గీసినట్టే నిలుస్తుంది. రెండోదాంట్లో చుట్టూ వెంట్రుకలు మొలుచుకొచ్చి, వెనక పేజీకి దిగిపోతుంది. బాల్‌పెన్ను వాడేవాళ్లకు ఈ తేడా ఎప్పటికీ తెలియదు. ఇంకు పెన్ను మొదటి గీతకే బయటపెట్టేస్తుంది. మంచి కాగితం కావాలంటే బాగా ఖర్చు పెట్టక తప్పదనే మాట అలా పుట్టిందే. అందులో నిజం సగమే. ఇంకును ఆపే గుణానికీ ధరకూ ఉన్న సంబంధం చాలా వదులు. పైగా ఆ గుణాన్ని ఇంట్లో ఒక సాసరు పెట్టుకుని పరీక్షించవచ్చు.

కాగితమంటే నారపోగులను నీళ్లలో గుజ్జుగా కలిపి, జల్లెడ మీద పల్చగా పరిచి, నొక్కి ఆరబెట్టిన పొర. పైన్, స్ప్రూస్ లాంటి చెట్ల పోగు సుమారు 3 మిల్లీమీటర్ల పొడవుంటుంది, యూకలిప్టస్ లాంటివాటిది 1 మిల్లీమీటరు. వెడల్పు ఎలా చూసినా 20-40 మైక్రాన్లకు (మైక్రాను అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) మించి పెద్దగా ఉండదు. ఈ పోగుల్లోని సెల్యులోజుకు నీళ్లంటే మహా ఇష్టం. దాని అణువుల మీద ఉండే హైడ్రాక్సిల్ గుంపులు నీటి అణువులను పట్టుకుంటాయి. అలాంటి పోగులు అడ్డదిడ్డంగా అల్లుకుంటే మధ్యలో లెక్కలేనన్ని సన్నని సందులు ఏర్పడతాయి. ఏ రక్షణా లేకుండా వదిలేస్తే కాగితం దీపంలో వత్తిలా పనిచేస్తుంది. అద్దుడు కాగితం సరిగ్గా అదే. అక్షరం చుట్టూ వచ్చే వెంట్రుకలు కూడా ఇంకు పోగుల అంచుల వెంట పరుగెత్తిన దారులే.

సన్నని సందుల్లోకి ద్రవం పాకే వేగానికి లెక్క కట్టినవాళ్లు ఇద్దరు: 1918లో రిచర్డ్ లూకాస్, 1921లో ఎడ్వర్డ్ వాష్‌బర్న్. వాళ్ల సూత్రం ప్రకారం ద్రవం పాకే దూరం కాలానికి వర్గమూలంగా పెరుగుతుంది. అంటే నాలుగు రెట్ల సమయానికి రెండు రెట్ల దూరమే. మొదటి క్షణంలోనే చాలా దూరం వెళ్లిపోయి, తర్వాత నెమ్మదిస్తుందన్న మాట. 80 జీఎస్ఎం కాగితం మందం మిల్లీమీటరులో సుమారు పదో వంతు. ఆ కాస్త దూరానికి అడ్డుగోడ ఏదైనా ఉంటే అది తొలి క్షణంలోనే పనిచేయాలి. ఆ సూత్రంలో కాలం కాక ఇంకో నాలుగు సంగతులున్నాయి. సందుల వెడల్పు, ద్రవం పోగును తాకే స్పర్శ కోణం (చుక్క అంచు పోగుతో చేసే కోణం), ద్రవం తలతన్యత (పైపొర బిగువు), దాని స్నిగ్ధత (చిక్కదనం). మొదటిది పూర్తిగా కాగితానిది, చివరి రెండూ ఇంకువి. కోణం దగ్గర ఇద్దరికీ వాటా ఉంది. కాగితం తయారుచేసేవాళ్ల పనితనమంతా అక్కడే కనిపిస్తుంది. ఆ కోణం 90 డిగ్రీలు దాటిందంటే ద్రవం తనంతట తాను సందుల్లోకి దిగదు.

పెన్ను కూడా ఇదే సూత్రం మీద నడిచే పరికరమని గుర్తుంచుకోవాలి. పాళీ మధ్య చీలిక, దాని కింద గాడులున్న నాలుక, ఇవన్నీ కేశనాళికలే, అంటే ద్రవాన్ని తమలోకి లాక్కునే సన్నని సందులే. ఇంకు బరువుకు కిందికి కారిపోకుండా అవే పట్టి ఉంచుతాయి, కాగితం తాకితే అవే వదులుతాయి. కాగితం గట్టిగా లాగితే పెన్ను ఎక్కువ ఇస్తుంది. కొత్తగా కొన్న సన్నపాళీ లావుగా రాస్తోందని పెన్నును తిట్టేవాళ్లు ఒకసారి కాగితం మార్చి చూడాలి. బాల్‌పెన్ను ఇంకుకు ఈ గొడవే లేదు. దాని స్నిగ్ధత నీళ్లలాంటి ఇంకుకన్నా కొన్ని వేల రెట్లు ఎక్కువ. చిక్కటి నూనె ముద్దలా పైనే అతుక్కుంటుంది. లోకమంతా బాల్‌పెన్నుకు మారాక, నీటిని అడ్డుకునే పనిలో కాస్త పొదుపు చేసినా అడిగేవాళ్లు తగ్గిపోయారు.

ఆ అడ్డుకునే పనిని మిల్లుల్లో సైజింగ్ అంటారు. గంజి పట్టించడం అన్నా తప్పులేదు, ఎందుకంటే పాతకాలంలో అరబ్బు ప్రపంచంలో కాగితానికి నిజంగానే గంజి పూసేవాళ్లు. ఇటలీలోని ఫాబ్రియానో కార్మికులు 13వ శతాబ్దంలో జంతువుల చర్మం, ఎముకల నుంచి తీసిన జిలటిన్‌కు మారారు. ఈకపాళీతో రాసే రోజుల్లో అది కాగితానికి మంచి కవచమైంది. ఆరబెట్టిన ఒక్కో ఠావునూ మళ్లీ జిలటిన్‌లో ముంచి ఆరబెట్టాలి కాబట్టి ఖర్చు, శ్రమ రెండూ ఎక్కువే. 1807లో మోరిట్జ్ ఫ్రెడరిక్ ఇల్లిగ్ అనే జర్మన్ ఒక సులువు ప్రకటించాడు. పైన్ చెట్ల బంక నుంచి వచ్చే రోజిన్‌ను, పటికను గుజ్జులోనే కలిపేస్తే చాలన్నాడు. యంత్రాలకు అది అచ్చంగా సరిపోయింది. కాకపోతే పటికతో వచ్చే ఆమ్లం సెల్యులోజును ఏళ్ల తరబడి కొరికి, 19వ శతాబ్దపు పుస్తకాలను పసుపుపచ్చగా, పెళుసుగా మార్చేసింది. 1950ల నుంచి ఏకేడీ అనే మైనంలాంటి రసాయనం రంగంలోకి వచ్చాక ఆ ఆమ్లం బెడద తప్పింది. ఆమ్లం లేకపోవడంతో ఖరీదైన నారకు బదులు సున్నపురాయి పొడి దండిగా కలపడమూ వీలైంది. ఈనాటి ఆఫీసు కాగితంలో అయిదో వంతు, కొన్నిసార్లు అంతకు మించి ఆ పొడే.

గుజ్జులో కలిపే ఈ లోపలి సైజింగ్ కాకుండా, పొర తయారయ్యాక రెండు రోలర్ల మధ్య పైపూతగా గంజి పట్టిస్తారు. లోపలిది నీళ్లను రానివ్వదు. పైది ఉపరితలంలోని సందులను పూడ్చి, పోగులను అంటిపెట్టి ఉంచుతుంది. ఇంకు పెన్నుకు రెండూ కావాలి. పైపూత ఉందో లేదో తెలుసుకోవడానికి సరదా పరీక్ష ఒకటుంది. గాయాలకు రాసే అయోడిన్ ద్రావణాన్ని కాస్త నీళ్లలో కలిపి చుక్క వేస్తే, గంజి ఉన్న కాగితం నీలి నలుపుకు తిరుగుతుంది. దొంగనోట్లు పట్టే పెన్నులో ఉండేది కూడా అయోడినే. మామూలు కాగితంలో గంజి ఉంటుంది, నోట్లకు వాడే పత్తి కాగితంలో ఉండదు. అయితే నలుపెక్కినంత మాత్రాన ఇంకు నిలుస్తుందని పొంగిపోనక్కరలేదు. ప్రింటరు కాగితంలో చాలా వరకు గంజి ఉంది, అయినా చాలావాటిలో ఇంకు పాకుతుంది. లోపలి సైజింగ్ తక్కువైతే పైపూత ఒక్కటే ఆపలేదు.

ఇప్పుడు జీఎస్ఎం సంగతి. అది చదరపు మీటరు కాగితం బరువు, గ్రాముల్లో. 80 జీఎస్ఎం అయితే ఒక ఏ4 కాగితం 5 గ్రాములు తూగుతుంది. అంతకు మించి అది చెప్పేదేమీ లేదు. టోమోయె రివర్ అనే జపాన్ కాగితం 52 జీఎస్ఎం మాత్రమే, పట్టుకుంటే గరగరలాడే పల్చని కాగితం. అయినా ఇంకు పెన్ను ఇష్టపడేవాళ్లు దాన్ని నెత్తిన పెట్టుకున్నారు. 2021లో టోమోయెగావా కంపెనీ దాని తయారీ మానేసి, సాన్‌జెన్ అనే కంపెనీ చేపట్టినప్పుడు వాళ్లు పడిన బెంగ అంతా ఇంతా కాదు. అదే సమయంలో 100 జీఎస్ఎం ఉన్నా సైజింగ్ సరిగా లేని డైరీలు బోలెడు. బరువు ఎక్కువైతే ఇంకు వెనక్కి రావడానికి కాస్త ఎక్కువ దూరం పడుతుందంతే, చుట్టూ పాకడం మాత్రం ఆగదు.

ఇక్కడే రెండు వేరు వేరు సంగతులను కలిపేస్తుంటారు. ఇంకు నిజంగా వెనక పేజీకి చేరడం ఒకటి, వెనకనుంచి అక్షరం నీడగా కనిపించడం ఇంకొకటి. రెండోదానికి ఇంకు దోషం లేదు. కాగితం పల్చనై కాంతిని సరిగా చెదరగొట్టకపోతే నీడ కనిపిస్తుంది. టోమోయె రివర్‌లోనూ అది బాగానే కనిపిస్తుంది. నీడ కళ్లకు ఇబ్బందిగా ఉంటే జీఎస్ఎం పెంచండి, ఇంకు దిగిపోతుంటే సైజింగ్ మంచి కాగితం వెతకండి. మెరిసే తెలుపును చూసి మోసపోకండి. అది కాంతినిచ్చే రసాయనాల మహిమ, ఇంకుకు దాంతో పనే లేదు.

మరి చవకలో మంచిది ఎక్కడ దొరుకుతుంది? నా దృష్టిలో మొదట చూడాల్సింది పిల్లలు ఇంకు పెన్నుతో రాసే దేశాల బడి పుస్తకాలు. ఫ్రాన్సులో సెయెస్ అనే గీతల పద్ధతి 1892 నుంచి ఉంది. అడ్డగీతల మధ్య దూరం 2 మిల్లీమీటర్లే. అంత ఇరుకులో పిల్లవాడు ఇంకుతో రాయాలంటే అది పాకని కాగితమే కావాలి. క్లేర్‌ఫోంటేన్ కంపెనీ 90 జీఎస్ఎం నోటు పుస్తకాలకు పేరొచ్చింది అందుకే. జర్మనీ బడి నోట్లు, వియత్నాం బడి నోట్లు కూడా ఇదే కోవలోవి. బహుమతి డైరీలకన్నా ఇవి ఇంకుకు ఎక్కువ నమ్మకమైనవి. ఎవరు కొన్నా రాసి తీరతారని మిల్లుకు తెలుసు. డైరీని కొనేవాళ్లు అట్ట చూసి కొంటారు.

చెరకు పిప్పితో చేసిన కాగితం ఇంకో ఆశాజనకమైన వర్గం. పొట్టి పోగులు దట్టంగా సర్దుకుని ఉపరితలం నున్నగా, సందులు చిన్నవిగా వస్తాయి. చవక పిప్పి నోట్లలో కొన్ని ఆశ్చర్యపరిచేంత బాగుంటాయి. అన్నీ కావు. పాత కాగితాన్ని మళ్లీ గుజ్జు చేసి తయారుచేసినవైతే ఎటు పోతాయో చెప్పలేం. పాత అచ్చును కడగడానికి వాడిన సబ్బులాంటి రసాయనాలు కొద్దిగా మిగిలినా సైజింగ్‌ను చెడగొడతాయి. విడి కాగితాలు చాలనుకుంటే, రంగుల లేజర్ ప్రింటర్ల కోసం చేసిన 100-120 జీఎస్ఎం నున్నని కాగితం రీములెక్కన కొనడం నోటు పుస్తకాలకన్నా చవకలో తేలుతుంది. ఆ ప్రింటర్లు వాడే రంగు పొడి సమంగా అంటాలని ఉపరితలాన్ని బాగా నొక్కి నునుపు చేస్తారు, మనకు కావాల్సిందీ అదే. ఇంక్‌జెట్ కోసమని ప్రత్యేకంగా పూత వేసిన మందపాటి కాగితాల జోలికి మాత్రం వెళ్లొద్దు. నీళ్లను ఉన్నపళంగా తాగేసేలా ఆ పూతను తయారుచేస్తారు.

కొనే ముందు ఒక్క కాగితం చేతికి వచ్చినా చాలు. మిల్లుల్లో దీనికి కాబ్ పరీక్ష అని ఒకటుంది. 100 చదరపు సెంటీమీటర్ల కాగితం మీద 100 మిల్లీలీటర్ల నీళ్లు పోసి, 60 సెకన్లలో ఎంత పీల్చిందో తూచి, చదరపు మీటరుకు ఇన్ని గ్రాములని లెక్కిస్తారు. ఆ అంకె అట్ట మీద అచ్చు వేస్తే కొనేవాళ్ల పని ఎంత తేలికయ్యేదో! ఎవరూ వేయరు. కాబట్టి పాత మిల్లుల్లోని ఇంకో పద్ధతిని అరువు తెచ్చుకుందాం. అరచేతిలో పట్టేంత ముక్క కత్తిరించి, నాలుగు అంచులూ పైకి మడిచి పడవ చేయండి. సాసరులో వాడకుండా మిగిలిన ఇంకు కొంచెం పోసి, దాని మీద తేల్చండి. పైవైపుకు రంగు పొటమరించేదాకా ఎంతసేపు పట్టిందో గడియారం చూసుకోండి. వార్తాపత్రిక ముక్క చూస్తుండగానే తడిసిపోతుంది. సైజింగ్ గట్టిగా ఉన్నది నిమిషాల పాటు తెల్లగా తేలుతుంది. ఒకే ఇంకుతో రెండు మూడు కాగితాలను పోల్చితే ఎవరు గెలిచారో వాదన అక్కర్లేదు.

పడవ లోతును చెబుతుంది, అంచును చెప్పదు. అందుకు పెన్నే కావాలి. మీ దగ్గరున్నవాటిలో అన్నిటికన్నా ధారాళంగా రాసే పెన్ను తీసుకుని ఒక చుక్క పెట్టి మూడు సెకన్లు అలాగే ఆనించండి, ఒకదాని మీద ఒకటి గీతలు గీయండి, తర్వాత మామూలు వేగంతో ఒక వాక్యం రాయండి. భూతద్దంతో అంచులు చూడండి. రెండోవైపు కూడా ఇదంతా మళ్లీ చేయాలి. తయారీలో జల్లెడకు ఆనిన వైపు నుంచి సన్నని పోగులు, పొడి కొంత జారిపోవడం వల్ల కాగితానికి రెండు ముఖాలూ ఒకటిగా ఉండవు. రీము చుట్టిన కవరు మీద ఏ వైపు ముందు ముద్రించాలో బాణం గుర్తు ఉంటే దాని అర్థమూ ఇదే.

సైజింగ్ ఎంత ఎక్కువైతే అంత మంచిదనుకోవడం కూడా సరికాదు. ఇంకు దిగకపోతే పైనే ఉండి గాలికి ఆరాలి. టోమోయె రివర్ మీద తడి పెన్నుతో రాస్తే అర నిమిషం దాటినా వేలికి అంటుతుంది. ఆ ఆలస్యంలోనే రంగు పైన గట్టిపడి ఎర్రటి మెరుపు, ఛాయాభేదాలు వస్తాయి. ఉత్తరాలకు బాగుంటుంది. తరగతిలో గబగబా రాసి పేజీ తిప్పేవాళ్లకు, ఎడమచేత్తో రాసేవాళ్లకు అది శిక్ష. గట్టిగా సైజింగ్ చేసిన కాగితానికి చేతి జిడ్డు తగిలితే ఆ మేర ఇంకు పట్టక గీత తెగుతుంది కూడా. రోజువారీ రాతకు నేను మధ్యస్థంగా పీల్చే కాగితానికే ఓటేస్తాను, వెనక పేజీ శుభ్రంగా ఉంటే చాలు.

ఉన్న కాగితమే వాడక తప్పదంటే సూత్రంలో రెండో పక్క నుంచి, అంటే ఇంకు వైపు నుంచి రావాలి. నీళ్ల తలతన్యత మీటరుకు 72 మిల్లీన్యూటన్లు. ఇంకు సాఫీగా ప్రవహించాలని కలిపే పదార్థాలు దాన్ని తగ్గిస్తాయి, స్పర్శ కోణాన్నీ తగ్గిస్తాయి. అందుకే బాగా జారే ఇంకులు బలహీనమైన కాగితంలో ఇట్టే చొరబడతాయి. కాస్త పొడిగా రాసే ఇంకు, సన్నపాళీ ఎంచుకుంటే కాగితం మీద పడే ద్రవం తగ్గుతుంది, సగం సమస్య అక్కడే తీరుతుంది. ఇనుప లవణం, మాచికాయ టానిన్లతో చేసే పాతకాలపు ఇంకు నాసిరకం కాగితం మీద కూడా చాలాసార్లు పద్ధతిగా నిలుస్తుంది. దాన్ని పెన్నులో రోజుల తరబడి ఎండనివ్వకూడదు, ఆమ్ల గుణం ఉంటుంది.

ఒక పుస్తకం నచ్చింది కదా అని ఏడాది తర్వాత అదే పేరుతో ఉన్నది గుడ్డిగా తెప్పించుకోవద్దు. చవక నోటు పుస్తకాల కంపెనీలు ఏ మిల్లులో కాగితం అందుబాటులో ఉంటే అక్కడ కొంటాయి, అట్ట మారదు. నచ్చినప్పుడే అదే సరుకు నుంచి నాలుగైదు కొనిపెట్టుకోవడం మేలు. మరీ ఎక్కువగా నిల్వ చేయడమూ దండగే. సున్నపురాయి పొడి ఉన్న కాగితంలో ఏకేడీ సైజింగ్ కొన్నిసార్లు నెలలు గడిచేకొద్దీ బలహీనపడుతుంది. చెమ్మ పట్టిన కాగితం ఎటూ ఎక్కువ పీలుస్తుంది. రీమును దాని కవరులోనే, పొడి చోట, పడుకోబెట్టి ఉంచండి. కావలసినన్ని ఠావులు తీశాక కవరు మళ్లీ మూసేయండి.