డర్బన్‌లో మనవాళ్లు ఎందుకున్నారంటే

చిరంజీవులు పిల్లలకు ఆశీస్సులు.

మొన్న డర్బన్‌లో క్రికెట్ మ్యాచ్ చూస్తూ, "అక్కడ మనవాళ్లలాంటి ముఖాలు అన్ని ఉన్నాయేంటి తాతయ్యా?" అని అడిగారు కదా. ఫోన్లో చెబితే సగం మర్చిపోతానని రాస్తున్నాను.

డర్బన్ ఉన్నది దక్షిణాఫ్రికాలోని క్వాజులు-నటాల్ రాష్ట్రంలో. ఆ రాష్ట్రం మన తెలంగాణ కన్నా కాస్త చిన్నది. అట్లాస్ తీసి చూడండి. తూర్పున హిందూ మహాసముద్రం, పడమట డ్రాకెన్స్‌బర్గ్ కొండలు. ఆ శిఖరాలు కొన్ని మూడు వేల మీటర్లు దాటుతాయి, జూన్, జులైలలో వాటి మీద మంచు పడుతుంది. అక్కడ చలికాలం అప్పుడే మరి! తీరం మాత్రం వెచ్చన. ఉత్తరం నుంచి వేడి నీటి ప్రవాహం ఒడ్డు వెంటే వస్తుంది. వానలకూ లోటు లేదు. చెరకుకు ఇంకేం కావాలి?

కానీ చెరకు కన్నా ముందు మనుషులున్నారు. శాన్ వేటగాళ్లు కొండ గుహల్లో గీసిన బొమ్మలు ఇప్పటికీ ఉన్నాయి. 19వ శతాబ్దం మొదట్లో షాకా అనే రాజు చుట్టుపక్కల తెగలను కలిపి జులూ రాజ్యాన్ని బలంగా నిలబెట్టాడు. తర్వాత డచ్చి సంతతి రైతులైన బోయర్లు వచ్చారు, వాళ్ల వెనకే బ్రిటిష్ సైన్యం. 1843లో నటాల్ బ్రిటిష్ వలస అయింది. తుగేలా నదికి అవతల జులూ రాజ్యం ఇంకొన్నాళ్లు నిలిచింది. 1879 జనవరి 22న ఇసాండ్ల్వానా దగ్గర, ఎక్కువమంది ఈటెలూ డాళ్లే పట్టుకున్న జులూ సైన్యం, తుపాకుల బ్రిటిష్ దళాన్ని చిత్తుగా ఓడించింది. ఆరు నెలలు తిరక్కుండానే ఉలుండిలో జులూలే ఓడిపోయారు. మన పాఠ్యపుస్తకాల్లో ఈ యుద్ధం ఎందుకు ఉండదో నాకు అర్థం కాదు.

ఇక తోటల సంగతి. సొంత పొలం, సొంత పశువులు ఉన్న జులూలు తెల్లవాళ్ల చెరకు తోటల్లో కూలికి దిగడానికి ఇష్టపడలేదు. దొరలు మన దేశం వైపు చూశారు. 1860 నవంబర్ 16న 'ట్రూరో' అనే ఓడ 342 మందితో మద్రాసు నుంచి డర్బన్ చేరింది. 1911 దాకా అలా వెళ్లినవాళ్లు లక్షా యాభై రెండు వేల మంది. మూడింట రెండు వంతుల మంది మద్రాసులో ఎక్కినవాళ్లే. వాళ్లలో తమిళులు, తెలుగువాళ్లు ఉన్నారు. ఐదేళ్ల ఒప్పందం. మొదటి ఏడాది జీతం నెలకు పది షిల్లింగులు. గడువు తీరాక అక్కడే ఉండిపోతే ఏడాదికి మూడు పౌన్ల పన్ను కట్టాలని 1895లో చట్టం తెచ్చారు. మూడు పౌన్లంటే అరవై షిల్లింగులు, లెక్క మీరే వేసుకోండి. 1913లో వేలమంది సమ్మె కట్టాక, మరుసటి ఏడాది అది రద్దయింది. ఆ సమ్మెను నడిపించింది గాంధీ గారే. 1893లో ఆయన్ని రైల్లోంచి దించేసిన పీటర్‌మారిట్స్‌బర్గ్ ఇప్పుడు ఈ రాష్ట్రానికి రాజధాని.

అందరూ కష్టజీవులే కాబట్టి కలిసిమెలిసి ఉన్నారని రాస్తే మీకు అబద్ధం చెప్పినట్టే. 1949లో డర్బన్‌లో ఆఫ్రికన్లకూ భారతీయులకూ గొడవలు జరిగి వందమందికి పైగా చనిపోయారు. ఆ తర్వాత వర్ణవివక్ష ప్రభుత్వం ఇద్దరినీ ఇళ్లు ఖాళీ చేయించి, ఎవరి పేట వాళ్లకు వేరు చేసింది. భారతీయులకు కేటాయించిన చాట్స్‌వర్త్ అలా పుట్టిందే. 1994లో అందరికీ ఓటు వచ్చింది. ఆ ఎన్నికల్లో నెల్సన్ మండేలా తన ఓటు వేసింది డర్బన్ పక్కన, ఇనాండాలో, జులూ నాయకుడు జాన్ డూబే పెట్టిన బడిలో. వర్ణవివక్ష ప్రభుత్వం జులూలకు విడిగా కేటాయించిన క్వాజులు, నటాల్ కలిసి ఒకే రాష్ట్రమైంది కూడా అప్పుడే.

ఇప్పుడు అక్కడ కోటీ ఇరవై లక్షల మందికి పైనే జనం. పదిమందిలో ఎనిమిదిమందికి మించి ఆఫ్రికన్లే, ఎక్కువగా జులూలు. భారతీయులు పదిలో ఒకరికి కాస్త తక్కువ. డర్బన్‌లో మీకు నచ్చే తిండి ఒకటుంది, బన్నీ చౌ. బ్రెడ్డు లోపల తొలిచి కూర నింపి ఇస్తారు, చేత్తోనే తినాలి.

అక్కడ నాయుడు ఇంటిపేర్లు బోలెడు. 1931 నుంచి ఆంధ్ర మహాసభ కూడా ఉంది. కానీ ఇళ్లలో తెలుగు దాదాపు పోయింది, పిల్లలు మాట్లాడేది ఇంగ్లిషే. అయినా దక్షిణాఫ్రికా రాజ్యాంగం ఆదరించాల్సిన భాషల్లో తెలుగును పేరు పెట్టి చెప్పింది.

మీ తాతయ్య