సబ్లిమేషన్ మీద సబ్లిమేషన్ లేయర్ వేయొచ్చా? అపోహలు - వాస్తవాలు

సబ్లిమేషన్ అంటే ప్రత్యేక ఇంక్‌తో కాగితం మీద ప్రింట్ తీసి, హీట్ ప్రెస్ వేడితో ఆ డిజైన్‌ని టీషర్టుకో మగ్గుకో ఎక్కించడం. ఈ మధ్య ప్రతి వారం ఎవరో ఒకరు ఫోటో పంపించి ఇదే అడుగుతున్నారు, "అక్కా, ముందు పసుపు బ్యాక్‌గ్రౌండ్ ప్రెస్ చేశా, దాని మీద నీలంతో పేరు ప్రెస్ చేస్తే ఆకుపచ్చగా వచ్చింది, ఇంక్ డూప్లికేటా?" అని. ఇంకూ బాగానే ఉంది, ప్రింటరూ బాగానే ఉంది. వినైల్ (వేడితో బట్టకి అంటించే పల్చటి ప్లాస్టిక్ షీటు) లాగా దీన్ని కూడా ఒకదాని మీద ఒకటి లేయర్ వేసుకోవచ్చు అనుకోవడం దగ్గరే అసలు తంటా, దీనివల్ల పాడైపోయే టీషర్టులూ మగ్గులూ చూస్తుంటే ప్రాణం ఉసూరుమంటోంది.

అపోహ: రెండో రంగు ప్రెస్ చేస్తే కింద ఉన్న రంగుని కప్పేస్తుంది

వాస్తవం: కప్పదు. సబ్లిమేషన్ ఇంక్ బట్ట మీద పొరలా కూర్చోదండీ. 190-200 డిగ్రీల సెల్సియస్ వేడికి ఆ డై కరగకుండానే నేరుగా ఆవిరైపోయి పాలిస్టర్ దారం లోపలికి వెళ్లిపోతుంది, చల్లారాక అక్కడే ఉండిపోతుంది. గోరింటాకు పండినట్టు అనుకోండి, పండిన చేతి మీద మళ్లీ పెట్టుకుంటే ఇంకా ముదురుతుందే గానీ కిందిది మాయమవదు కదా. పైగా ఈ ఇంకులన్నీ ట్రాన్స్‌పరెంట్. పసుపు మీద నీలం పడితే ఆకుపచ్చ, ఎరుపు మీద నీలం పడితే వంకాయ రంగు, నలుపు మీద ఏది వేసినా కనపడదు. మనం ఇళ్లలో వాడే సబ్లిమేషన్ ప్రింటర్లలో తెల్ల ఇంక్ ఉండదు, డిజైన్‌లో తెలుపు అంటే అక్కడ ఇంక్ పడలేదని, కనపడేది బట్ట రంగే.

ఇంకోటి, ఇది చాలామందికి తెలీదు, రెండోసారి ప్రెస్ చేసినప్పుడు మొదటి డిజైన్ ఊరికే ఉండదు. ఆ వేడికి అది మళ్లీ కొంత ఆవిరై పైకి లేస్తుంది, అంచులు మసకబారతాయి, షేడ్ తగ్గుతుంది. నమ్మకం లేకపోతే ఆల్రెడీ ప్రెస్ అయిన బట్ట మీద ఖాళీ తెల్ల కాగితం పెట్టి అదే వేడిలో ప్రెస్ చేసి చూడండి, పాత డిజైన్ నీడలా ఆ కాగితం మీదకి ఎక్కి కనిపిస్తుంది.

మరి ఎలా చేయాలి? ప్రింటర్ ఉన్నవాళ్లు రంగులన్నీ ఒకే ఫైల్‌లో కలిపేసి, మిర్రర్ చేసి (అద్దంలో కనపడినట్టు తిప్పి), ఒక్కటే ప్రింటు, ఒక్కటే ప్రెస్. సబ్లిమేషన్ ఇంక్ ముందే పూసి ఉండే రంగు షీట్లు కొని కటింగ్ మెషీన్‌లో కట్ చేసుకునేవాళ్లు కింది రంగులో పై ఆకారం మేర కోసి తీసేయాలి, ఆ ఖాళీలో రెండో రంగు ముక్క సరిగ్గా ఇమిడేలా పక్కపక్కన పెట్టి, హీట్ టేప్ (వేడి తట్టుకునే టేప్) వేసి ఒకేసారి నొక్కాలి. ముక్కలు ఒకదాని మీద ఒకటి ఎక్కితే మధ్యలో కాగితం అడ్డొస్తుంది, సందు మిగిలితే తెల్ల గీత వస్తుంది, కాబట్టి ఇక్కడ ఓపిక పట్టాల్సిందే.

నిజంగా లేయరే కావాలంటే ముందు సబ్లిమేషన్, తర్వాత దాని మీద హీట్ ట్రాన్స్‌ఫర్ వినైల్. ఈ వరస తిప్పొద్దు, మామూలు వినైల్‌కి 150 డిగ్రీల చుట్టుపక్కల పది పదిహేను సెకన్లు చాలు, దాన్ని తీసుకెళ్లి 200 కింద పెడితే పాడైపోతుంది. సరైన వరసలో వేసినా ముదురు ఎరుపు ప్రింట్ మీద తెల్ల వినైల్ వేస్తే కొన్నాళ్లకి అది గులాబీ రంగుకి తిరగొచ్చు, కింద ఉన్న డై వినైల్‌లోకి పాకుతుంది. అలాంటిచోట సబ్లిమేషన్ బ్లాక్ చేసే వినైలో, తక్కువ వేడికి అంటుకునే రకమో అడిగి తీసుకోండి.

గుంటూరు నుంచి ఒకమ్మాయి రాత్రి పదింటికి ఏడుస్తూ ఫోన్ చేసింది, తెల్లారితే వాళ్ల అన్నయ్య కొడుకు మొదటి పుట్టినరోజు, ఇంటిల్లిపాదికీ పసుపు ప్రింట్ టీషర్టులు, పేర్లన్నీ ఆకుపచ్చ మరకల్లా వచ్చాయి. ఇంక్ అమ్మిన షాపాయన వేడి పెంచు కప్పేస్తుంది అన్నాడట, పెంచితే ఇంకో రెండు పోయాయి. తెలీనప్పుడు తెలీదని చెప్పొచ్చుగా, అవతల మనిషి డబ్బు పోతోంది! నల్ల వినైల్ ఉందా అంటే ఉందంది, అవే పేర్లు కాస్త లావు అక్షరాల్లో కట్ చేసి మరక మొత్తం దాగేలా పైన వేయమన్నా, పొద్దున్నే ఫోటోలు పెట్టింది, పిల్లాడితో సహా అందరూ అవే వేసుకున్నారు. మీకూ ఇలా అయితే బట్టలు పారేయకండి, ముదురు రంగు వినైల్ ఆదుకుంటుంది.

మిగతావి గబగబా చెప్పేస్తా.

కాటన్ మీద సబ్లిమేషన్ నిలవదు, ఉతికితే పోతుంది. మిక్స్ బట్టలో పాలిస్టర్ ఉన్న మేరకే రంగు ఉంటుంది. నల్ల టీషర్టు మీద అసలు అడగొద్దు.

కాగితం మీద రంగు వెలిసినట్టుందని కంగారుపడి మళ్లీ ప్రింట్ తీయకండి, వేడి తగిలాకే రంగు తేలుతుంది.

ఎక్కువసేపు నొక్కితే ముదురు రంగు వస్తుందనేది తప్పు, నలుపు గోధుమ రంగుకి తిరుగుతుంది.

వంటింట్లో స్టీలు గ్లాసు మీద పడదు, పాలిమర్ కోటింగ్ ఉన్నదే కొనాలి.

ప్రెస్ చేసేటప్పుడు వచ్చే పొగ గురించి భయపడే తల్లులు చాలామంది అడుగుతుంటారు, భయం సహజమే. కిటికీలు తీసి, ఎగ్జాస్ట్ ఫ్యాన్ వేసుకుని చేయండి, ఏసీ గదిలో తలుపులు మూసి చేయొద్దు, ప్రెస్ నడుస్తున్నంతసేపూ పిల్లల్ని వేరే గదిలో ఉంచండి.